బస్సెక్కి గునియా తెచ్చిన పెద్దాయనకు

రాత్రి పదకొండున్నర. షెడ్డు షట్టర్ దించి, బయట అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను, నిన్న గునియా (మూల సరిగ్గా 90 డిగ్రీలుందో చూసే ఎల్ ఆకారపు పనిముట్టు) తెచ్చి మా పని నిలబెట్టిన పెద్దాయనకు థ్యాంక్స్ చెప్పడానికి. చేతులకు కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) వాసన ఇంకా వదల్లేదు. ఇవాళ రాయకపోతే రేపు పొద్దున సిగ్గేసి రాయను, అందుకే ఇప్పుడే.

మాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న షెడ్డు. రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మిషను, రాడ్లు కోయడానికి నిరుడు పాతది కొన్న బ్యాండ్‌సా (రంపం మిషను). నెల కింద ఒక జాబ్ వచ్చింది. ఈఎన్ 8 రకం ఉక్కు రాడ్డు, 80 ఎంఎం మందం. 62 పొడవున 220 ముక్కలు కోసి, రెండు పక్కలా లేత్ మీద ఫేసింగ్ కొట్టి (ముఖం చదును చేసి) 60కి ఇవ్వాలి. మెటీరియల్ మాదే. కోసిన ప్రతి ముక్కనీ వెర్నియర్‌తో కొలిచి చూశాం. ఎక్కడ పట్టినా 62. ధైర్యంగా డెబ్బై ముక్కలు కోసేశాం.

తీరా లేత్ మీద కట్టాక చూస్తే, టూల్ ఒక పక్క తగులుతోంది, రెండో పక్క గాల్లో తిరుగుతోంది. కోత 2.3 ఎంఎం వాలి ఉంది. రెండు ముఖాలూ ఒకే వైపు వాలాయి కాబట్టి వెర్నియర్‌కు తేడా దొరకలేదు. 62లో 2.3 పోతే మిగిలేది 59.7. ఇక 60 ఎక్కణ్ణుంచి తెచ్చేది? డెబ్బై ముక్కలూ తుక్కు కిందే లెక్క.

కంపెనీ సర్వీసుకు ఫోన్ చేశాను. పదకొండు రోజులకు ఒకతను వచ్చాడు. ఇరవై నిమిషాలున్నాడు. "బ్లేడు మార్చండి సార్, మా బ్లేడే వాడండి" అన్నాడు. విజిటింగ్ ఛార్జీ 2,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 2,950. వాళ్ళ బ్లేడూ కొన్నాను. కోత అలాగే వాలింది. ఇంకో బ్లేడు కొన్నాను. మళ్ళీ అంతే.

జాబ్ ఇచ్చినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. లేటయిందని నా బిల్లులో కోత పెడుతూ డెబిట్ నోట్, గడువు దాటిన రోజు సాయంత్రానికే మెయిల్‌లో పంపారు. వాళ్ళు నాకివ్వాల్సిన పాత బిల్లుకు మాత్రం ఇవాళ్టికి 97 రోజులు. చిన్న యూనిట్లకు 45 రోజులు దాటకుండా కట్టాలని 2006లోనే చట్టం చేశారు. అడిగితే ఆ చట్టమూ ఉంటుంది, మనకు మళ్ళీ జాబ్ రాకపోవడమూ ఉంటుంది. సరే, ఇవాళ ఆ గోల వద్దు.

నిన్న మధ్యాహ్నం పక్క షెడ్డుకు ఒక పెద్దాయన వచ్చారు. పంపుకు బుష్ చేయించుకోవాలట. లేత్ ఖాళీ లేక అక్కడ స్టూలేసుకుని కూర్చున్నారు. మా బ్యాండ్‌సా మోత విని నెమ్మదిగా లోపలికొచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. పేరు రాయొద్దన్నారు. ఒకప్పుడు కవాడిగూడలో ప్రాగా టూల్స్ అనే మిషన్ల ఫ్యాక్టరీలో చేశారని మాత్రం చెప్పనిచ్చారు.

"ఏం బిడ్డా, గట్ల మొఖం ఏలాడేసుకుని కూసున్నవ్?" అన్నారు. కథంతా చెప్పాను. కోతలో రాలి కింద పడి ఉన్న ఇనుప చిప్స్ గుప్పెడు తీసి అరచేతిలో పరిచారు. మందంగా, నీలం తిరిగి ఉన్నాయి. "ఇగో, ఇది కోసుడు కాదు, తొక్కుడు" అని, బ్లేడు దిగే వేగం తగ్గేలా ఫీడ్ వాల్వు సగానికి తిప్పారు.

తర్వాత రాడ్డుకు పైన సుద్దముక్కతో గీత పెట్టించి, చివర్న ఒక కోత కోయించారు. రాడ్డును సగం చుట్టు తిప్పి, గీత కిందికి పోయేలా, రాడ్డును పట్టి ఉంచే వైస్‌లో బిగించి, పలచటి బిళ్ళ ఒకటి కోయమన్నారు. ఆ బిళ్ళను చేతికిచ్చి "ఇప్పుడు పెట్టు నీ వెర్నియర్" అన్నారు. పైకీ కిందకీ 4.4 తేడా! కుడికీ ఎడమకీ 1.2. రాడ్డు తిప్పి కోస్తే తప్పు రెండింతలై కనబడుతుందట. అంటే నిలువున 2.2, అడ్డంగా 0.6. నిలువు తేడా అయితే బ్లేడు వాలినట్టు, అడ్డం తేడా అయితే వైస్ జా (దాని దవడ) తిరిగినట్టు. నెల రోజులుగా మేం రెండు రోగాల్నీ ఒకటే అనుకుని ఒకటే మందు వేస్తున్నాం.

బ్లేడు నిటారుగా ఉందో లేదో చూడ్డానికి మా గునియా ఇచ్చాను. పెట్టబోయి ఆగారు. తిన్నటి అంచున్న రేకు తెమ్మన్నారు. అంచుకు గునియా ఆనించి సూదిమొనతో గీత గీశారు. గునియాను బోర్లా తిప్పి, అదే చోట మొదలుపెట్టి ఇంకో గీత గీశారు. రెండు గీతలూ పైకి పోయేకొద్దీ విడిపోయాయి. "నీ గునియానే వంకర ఉంది బిడ్డా." ఎప్పుడో బెంచీ మీంచి కింద పడింది. దాంతోనే ఇన్నాళ్ళూ బ్లేడు సరిచేస్తున్నాం!

"జర ఆగు, వస్త" అని వెళ్ళిపోయారు. బుష్ తీసుకుని ఇంటికి పోయారనుకున్నాం. ఎవరికైనా అంత ఓపిక ఎక్కడుంటుంది?

రెండు గంటల తర్వాత, నాలుగవుతుండగా తిరిగొచ్చారు. మే ఎండ. చొక్కా వీపంతా తడిసిపోయింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో నూనె గుడ్డలో చుట్టిన గునియా. బస్సులో బోరబండ ఇంటికెళ్ళి, సొంత గునియా తీసుకుని మళ్ళీ బస్సెక్కి వచ్చారు. మేం ఆయనకేమవుతాం? పక్క షెడ్డు పక్కవాళ్ళం. నేను కూలెంట్ ట్యాంకు చూస్తున్నట్టు వంగి కళ్ళు తుడుచుకున్నాను. మా ఆపరేటర్ చూడనట్టే నటించాడు, వాడికీ థ్యాంక్స్.

మిషను ఆపించి, మెయిన్ తీయించి, బ్లేడు కిందికి దించి గునియా ఆనించారు. పళ్ళకు తగలకుండా వెనక ఒంటికి మాత్రమే. వెనకనుంచి ఫోన్ టార్చి పట్టుకోమన్నారు. కింద వెలుగు సందు కత్తి అంచులా కనబడింది. బస్ టికెట్ జేబులోంచి తీసి మడిచి, బ్లేడును నిటారుగా పట్టి ఉంచే గైడ్ బేరింగ్‌కూ బ్లేడుకూ మధ్య దూర్చారు. దూరిపోయింది! నిరుడు బేరింగులు మార్చినప్పుడు మేమే ఆ బేరింగ్ బోల్టు సరిగా తిప్పలేదు. దాన్ని కొద్దికొద్దిగా తిప్పి, బేరింగ్ బ్లేడును తాకీ తాకనట్టు వచ్చాక బిగించారు. బ్లేడు ఊగకుండా ఆపే గైడ్ ఆర్మ్ బారెడు దూరంలో ఉంటే, దాన్ని రాడ్డు పక్కకు జరిపారు. ఇక వైస్. గేటు పైపులు 45 డిగ్రీల్లో కోయడానికి జా తిప్పి, మళ్ళీ సున్నా గీత మీద పెట్టాం. "గీతను నమ్మకు, గునియాను నమ్ము" అని దాన్నీ బ్లేడుకు గునియా పెట్టి సరిచేశారు.

మళ్ళీ సుద్దగీత, సగం చుట్టు, బిళ్ళ. నాలుగు చోట్లా కొలిచాం. తేడా 0.12. అంటే అసలు తప్పు అందులో సగమే. చిప్స్ సన్నగా స్ప్రింగుల్లా చుట్టుకుని పడుతున్నాయి. డబ్బులివ్వబోతే కోపమొచ్చింది ఆయనకు. టీ తాగి, ఆ బిళ్ళ జేబులో వేసుకున్నారు. ఎందుకండీ అంటే, "ఇంట్ల చూపియ్యద్దా, ఎండల ఎటు పోయిన్నో అని తిడ్తరు" అన్నారు.

నిన్న రాత్రీ ఇవాళంతా కోస్తూనే ఉన్నాం. 220వ ముక్క గంట కింద పడింది. పెద్దయ్యా, ఇది మీదాకా చేరుతుందో లేదో. మీ గునియా గీసిచ్చిన కోతకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టిచ్చింది, బావమరిది తుక్కు అమ్మిపెట్టాడు, అమ్మ రోజూ అన్నం పంపింది. ఇంట్లోవాళ్ళకు ఇక్కడ థ్యాంక్స్ చెప్తే బాగోదు.

పోస్ట్ చేయబోతుంటే గుర్తొచ్చింది. కొత్త రాడ్డుకు పది రోజులు అప్పు పెట్టిన స్టీల్ షాపన్నకు, రాత్రి రెండింటికి ట్రాలీ ఆటోలో సరుకు దింపిన డ్రైవర్ తమ్ముడికి థ్యాంక్స్. అయ్యో, పక్క షెడ్డన్న! ఆయన లేత్ ఖాళీగా ఉండుంటే పెద్దాయన మా దగ్గరకొచ్చేవారే కాదు. అన్నా, నీ టార్క్ రెంచ్ నా దగ్గరే ఉంది, పొద్దున్నే తెచ్చిస్తా. టీ కొట్టు చోటూ, రెండు రోజుల లెక్క రాసిపెట్టు.