దేవుళ్ళ పుట్టుకకు భయమొక్కటే మూలమా?

సంపాదకులకు నమస్కారాలు.

మనిషి కేవలం భయం వల్లనే దేవుణ్ణి కల్పించుకున్నాడంటూ ఇటీవల మీ పత్రికలో వచ్చిన ఉత్తరాలను శ్రద్ధగా చదివాను. ఆ మాటలో నిజం లేకపోలేదు. 1898లో ప్లేగు బెంగళూరును అతలాకుతలం చేసినప్పుడు ఇక్కడి జనం ప్లేగమ్మను నిలుపుకొని మొక్కారు. కలరా సోకితే మన పల్లెల్లో గ్రామదేవతకు జాతర చేసినట్టే ఇదీ.

కానీ ఇదే నగరంలో మరో రకం సాక్ష్యమూ ఉంది. హెబ్బాళలో 2018లో వెలుగుచూసిన, క్రీ.శ. 750 ప్రాంతానిదిగా గుర్తించిన కిట్టయ్య శిల, శత్రువు దండెత్తి వచ్చినప్పుడు ఎదిరించి ప్రాణం విడిచిన ఒక మనిషికి నిలిపిన వీరగల్లు. ఇలాంటి రాళ్ళు కన్నడసీమలోనూ మన రాయలసీమలోనూ ఎన్నో ఉన్నాయి. కొన్నిచోట్ల వాటికి పసుపు, కుంకుమ పెట్టి దేవుళ్ళుగానే కొలుస్తున్నారు. కారెంపూడిలో పల్నాటి వీరులకు ఏటా ఉత్సవం జరుగుతుంది. మేడారంలో కాకతీయ సైన్యంతో పోరాడారని చెప్పుకునే సమ్మక్క, సారలమ్మలు విగ్రహాలు లేకుండానే గద్దెలమీద పూజలందుకుంటున్నారు. అకాలమరణం పొందినవారంటే జంకు కూడా ఇందులో కొంత కలిసి ఉండవచ్చు గాని, తమకోసం చనిపోయినవారిని మరవకూడదన్న ఋణభావమే నాకు ఎక్కువగా కనిపిస్తున్నది.

దేవుళ్ళు ఒకప్పటి రాజులేనని గ్రీకు రచయిత యూహెమెరస్ సుమారు 2300 ఏళ్ళ క్రితమే అన్నాడు. 1871లో ఇంగ్లండుకు చెందిన మానవశాస్త్రవేత్త టైలర్, చనిపోయినవారు కలలో కనిపించడం చూసి ఆదిమానవుడు ఆత్మను ఊహించాడనీ, దానినే చెట్టుకూ పుట్టకూ ఆపాదించాడనీ వివరించాడు. ఇవి రెండూ విలువైన ఊహలే. ఏదో ఒకదానితో లోకంలోని దేవుళ్ళందరినీ వివరించబోవడమే పొరపాటు.

తుర్కియేలోని గోబెక్లి తెపె ఇందుకు మంచి ఉదాహరణ. వ్యవసాయం వచ్చి, ఊళ్ళు వెలసి, తిండికి లోటు లేకుండా పోయాకే పెద్ద ఆరాధనా స్థలాలు పుట్టాయని చాలాకాలం నమ్మారు. అక్కడ 1995 నుంచి తవ్వకాలు జరిపిన జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ ష్మిట్‌కు, సుమారు 11,500 ఏళ్ళ క్రితం వేటతో బతికినవారు నిలిపిన, నక్కలు, పాములు, రాబందులు చెక్కిన భారీ రాతి స్తంభాలు దొరికాయి. అవి పూర్తిగా ఆరాధనకేనా, అక్కడ నివాసాలూ ఉండేవా అన్న చర్చ నేటికీ సాగుతున్నది. అయినా, పైరు పండించడం నేర్వకముందే అంతమంది కలిసి అంత శ్రమకు ఓర్చారన్న సంగతి మాత్రం స్థిరపడింది. పిడుగుకు బెదిరిన ఒంటరి మనిషి కథతో దీన్ని వివరించలేము.

ఈ ప్రశ్న వేయడమే అపచారమని బాధపడిన పాఠకులకు ఒక మనవి. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తమే దేవతలు ఈ సృష్టికి తరువాతివారని చెప్పి, అది ఎలా కలిగిందో ఎవరికి తెలుసునని అడిగింది.

భయమా, భక్తా అన్న వాదాన్ని పొడిగించడానికి బదులు, మీ జిల్లా విలేఖరుల చేత ఊరూరా ఉన్న వీరగల్లుల కథలను, చనిపోయాక దేవతలుగా పూజలందుకునే పేరంటాళ్ళ కథలను రాయించి ఆదివారం సంచికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. చిత్తూరు, అనంతపురం ప్రాంతాల్లో అవి చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. బెంగళూరులో మా చుట్టుపక్కల పొలాలు లేఅవుట్లుగా మారుతున్న వేగం చూస్తే, ఇక్కడి రాళ్ళ సంగతి మరింత తొందరగా రాసిపెట్టుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
యలహంక, బెంగళూరు