వీపు లేచిన విల్లుల సంగతి

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నా దగ్గర నరం వేసిన విల్లు తీసుకున్న 11 మందికి ఇది రాస్తున్నాను. మిగతావాళ్లూ చదవండి. విజయవాడలో మాట ఆగదు, ఎవరో చెబితే వినేకంటే నా నోటితో వినడం నయం. ఆ 11లో నాలుగు విల్లులకి వీపు మీద, అంటే బాణం వేసేవాడికి అవతలి వైపున, వేసిన నరం లేచిపోయింది. మిగతా ఏడింటి మీదా నాకు నమ్మకం లేదు. పైకి బాగానే కనపడినా సరే, ఎక్కుపెట్టకండి. తాడు విప్పి పక్కన పెట్టండి.

మొదటి ఫోను ఆషాఢంలో గుంటూరు నుంచి వచ్చింది. "బాబాయ్, వీపు మీద బొబ్బల్లా లేచింది" అన్నాడు కుర్రాడు. "కార్లో వదిలేసి ఉంటావురా, ఎండకి ఉడికిపోయింది" అని కసిరాను. రెండో ఫోను తాడేపల్లి నుంచి. దాన్ని వాన మీదకి నెట్టాను. ఆ తర్వాత వారానికి, మా షాపు గోడకి వేలాడుతున్న నా సొంత విల్లుకే బొబ్బ లేచింది. దానికి కారూ లేదు, వానా తగల్లేదు.

కొత్తవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. విల్లు వంగినప్పుడు వీపు సాగుతుంది, కడుపు నొక్కుకుంటుంది. వీపు మీద పోగు ఎక్కడ తెగి ఉంటే కర్ర అక్కడే చీలుతుంది. చలిదేశాల కర్రలో ఏటేటా పడే వలయాలు స్పష్టంగా ఉంటాయి కాబట్టి ఒకే వలయం వెంట చెక్కుకుపోవచ్చు. మన నల్లతుమ్మలో ఆ గీతలు కంటికి ఆనవు. అందుకే నరం. పశువు కాలిలో కండని ఎముకకి పట్టి ఉంచే నరాన్ని ఎండబెట్టి, దంచి, దారాల్లా చీల్చి, సరేసులో, అంటే తోలూ ఎముకలూ ఉడికించి తీసే జిగురులో, ముంచి, ఇటుకలు పేర్చినట్టు అతుకు మీద అతుకు రాకుండా వీపు పొడవునా పరవాలి. ఆరేకొద్దీ అది ముడుచుకుని విల్లుని ముందుకి లాగుతుంది. కాలిఫోర్నియాలో యాహీ తెగలో చివరివాడిగా 1911లో బయటికొచ్చిన ఇషీ చేసిన విల్లుకీ వీపున నరమే, కాకపోతే జింకది. ఇక్కడ జింక నరం అడక్కండి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, నాకు జైలుకెళ్లే ఓపిక లేదు. నాది గేదె నరం.

ఆ గేదె నరం ఆరేళ్లుగా ఒక్క మనిషి దగ్గరే కొన్నాను. పేరు రాయను. కొవ్వంతా గీకి, నీడన ఆరబెట్టి పంపేవాడు. జనవరిలో వచ్చిన మూట చూడగానే తేడా కనపడింది. తేనె రంగులో, అద్దంలా మెరుస్తోంది. రోకలితో దంచితే పోగులుగా విడిపోవాల్సింది పెళ్లలుగా చిట్లింది. ఫోను చేస్తే "ఈసారి ఎండ ఎక్కువ తగిలిందన్నా, అంతే" అన్నాడు. నమ్మాను.

జూలైలో అతని గోడౌనుకి పోయి చూస్తే అసలు సంగతి తెలిసింది. పెంపుడు కుక్కలు నమలడానికి ఎండునరాలు అమ్మే వ్యాపారం మొదలెట్టాడు. పచ్చి నరాన్ని ఓవెన్లో పెట్టి ఆరబెడుతున్నారు. నా మూట అందులోదే. తడి ఆరని నరానికి 60 డిగ్రీలు దాటి వేడి తగిలితే అది ఉడికినట్టే. ముడుచుకుపోతుంది, పోగులో సత్తువ పోతుంది. దానికి తోడు కొవ్వు కూడా సరిగా గీకలేదు, జిడ్డు మీద సరేసు పట్టదు. ఎందుకు చెప్పలేదయ్యా అంటే "నువ్వు అడగలేదు కదన్నా" అన్నాడు. ఆరేళ్లు అడక్కుండానే మంచిది పంపినవాడు! అర్జునుడు తపస్సు చేసిన కొండ కింద కూర్చుని నేను కుక్కల తిండితో విల్లులు చేశానన్నమాట.

అతన్ని ఎంత తిట్టినా, రోకలి కింద పెళ్లలు రాలిన రోజు ఆగాల్సింది నేను. అప్పటికే ఐదుగురి అడ్వాన్సు చేతిలో ఉంది. బాగున్న పోగులు ఏరి వేసేశాను.

ఇక ఏం చేయాలన్నది రెండు వారాలు తేల్చుకోలేకపోయాను. తెలిసినవాళ్లంతా ఒకటే సలహా: మైనం పట్టించిన సింథటిక్ దారం వాడు, నరంలాగే ఉంటుంది, వానకి భయం లేదు, చవక. మా ఆవిడ కూడా అదే అంది. లెక్క ప్రకారం ఆవిడ మాటే రైటు. కానీ సరేసు దాన్ని పట్టుకోదు, అది ఆరి బిగుసుకోదు. పిడికి చుట్టుకోవడానికి బావుంటుంది. దాన్ని వీపున పరిచి నరం అని ఎలా అమ్మను? ఓ రాత్రి నమూనాకి చేసి కూడా చూశాను. పొద్దున్నే పీకేశాను. షాపు మూసుకుంటాను గానీ ఆ పని చేయను.

మింగుడుపడని ఇంకో మాట. నరం మంచిదైనా కృష్ణ ఒడ్డున శ్రావణ భాద్రపదాల్లో సరేసు తేమ పీలుస్తుంది, విల్లు బలం తగ్గుతుంది. పూర్వం మన దేశంలో ఉక్కు విల్లులు చేయించడానికి ఈ వానాకాలం కూడా ఒక కారణం. ఇది తెలిసీ మీకు గట్టిగా చెప్పలేదు. ఇకమీద వానాకాలంలో నరం పని చేయను. మార్గశిరంలో మొదలుపెడతాను, నరం పచ్చిదే తెచ్చుకుని నేనే గీకి ఆరబెడతాను, నాలుగు నెలలు ఆరాకే విల్లు చేతికిస్తాను. తొందరున్నవాళ్లు వేరేచోట చూసుకోండి, ఏమీ అనుకోను.

మీ 11 విల్లులూ దసరా లోపు పంపండి. కొరియర్ ఖర్చు నాదే. వేడినీళ్ల గుడ్డ చుడితే సరేసు కరిగి నరం ఊడొస్తుంది, కర్రకి ఏమీ కాదు. దాని బదులు డప్పులు చేసే ఆయన దగ్గర తెచ్చిన పచ్చి మేకతోలు వేసిస్తాను. తోలు చీలిక రాకుండా కాస్తుంది, బలం మాత్రం పెంచదు. లాగడానికి 45 పౌన్ల బలం పట్టే విల్లు 40కి దిగొచ్చు. వద్దనుకుంటే డబ్బు మొత్తం తిరిగిస్తాను, కాకపోతే ఒకేసారి అందరికీ ఇవ్వలేను, సంక్రాంతి దాకా ఆగాలి.

గుంటూరు కుర్రాడి విల్లు ముందు చేస్తాను. నేను కసిరినప్పటి నుంచీ అతను నా ఫోను ఎత్తడం లేదు. మీలో ఎవరికైనా కనపడితే, తప్పు అతనిది కాదని బాబాయ్ ఒప్పుకున్నాడని చెప్పండి.