ఏబీఎస్ ఉన్నది బండిని త్వరగా ఆపడానికేనా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో వాహన భద్రతపై వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులో ఏబీఎస్ (యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు తిరగకుండా బిగుసుకుపోవడాన్ని అడ్డుకునే ఏర్పాటు) ఉన్న కారు, లేని కారు కంటే తక్కువ దూరంలో ఆగుతుందనీ, ఆ ఏర్పాటు ఉద్దేశమే అదనీ రాశారు. పక్కనే వేసిన బొమ్మలో రెండు కార్లు ఒకే గీత వెంట వచ్చి ఒకటి ముందు, ఒకటి తర్వాత ఆగినట్టు చూపించారు. ఇరవై ఏళ్లకు పైగా ఆటోమొబైల్ విద్యార్థులకు బ్రేకుల పాఠం చెప్పినవాణ్ణి కనుక ఆ వాక్యాన్నీ, ఆ బొమ్మనూ చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. తారు రోడ్డు మీద, ముఖ్యంగా అది తడిసినప్పుడు, వ్యాసకర్త చెప్పినది చాలావరకు నిజమే. అయితే అది ఏబీఎస్ వల్ల అదనంగా కలిగే లాభం మాత్రమే. దాని అసలు పని, బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా స్టీరింగ్ మాట చెల్లేలా చూడటం.

ఇది అర్థం కావాలంటే టైరు రోడ్డును ఎలా పట్టుకుంటుందో చూడాలి. బ్రేకు వేసినప్పుడు చక్రం, బండి వేగానికి తగినంతగా కాక కాస్త తక్కువగా తిరుగుతుంది. ఈ తేడానే జారుడు అంటాం. జారుడు సుమారు 10 నుంచి 20 శాతం మధ్య ఉన్నప్పుడు పొడి రోడ్డుపై టైరు పట్టు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. అక్కడి నుంచి పెరిగేకొద్దీ పట్టు తగ్గుతూ, చక్రం పూర్తిగా బిగుసుకుపోయే 100 శాతం దగ్గర ఇంకా పడిపోతుంది. ఈ తగ్గుదల గురించి అందరూ చెబుతారు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. తిరుగుతున్న టైరు తాను ఏ దిక్కుకు ముఖం పెట్టిందో ఆ దిక్కుకే దొర్లాలని చూస్తుంది కనుక పక్కకు నెట్టే బలం పుడుతుంది. బిగుసుకుపోయిన టైరు రోడ్డు మీద రుద్దుకుపోతున్న రబ్బరు ముక్క మాత్రమే. దాని ఘర్షణ జారే దిశకు ఎదురుగా పనిచేస్తుందే తప్ప, టైరు ఎటు తిరిగి ఉన్నా దానికి లెక్క లేదు. అందుకే ముందు చక్రాలు బిగుసుకున్న కారులో స్టీరింగ్ ఎంత తిప్పినా బండి నేరుగానే పోతుంది. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే పరిస్థితి ఇంకా ప్రమాదకరం, వెనుక భాగం పక్కకు వచ్చి బండి గిరగిర తిరగవచ్చు.

ఏబీఎస్ ఈ బిగుసుకుపోవడాన్నే అడ్డుకుంటుంది. ప్రతి చక్రం వేగాన్నీ ఒక సెన్సార్ కంప్యూటర్‌కు పంపుతుంది. ఇక్కడ నా విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: నాలుగు చక్రాలూ జారుతుంటే బండి నిజమైన వేగం కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? నేరుగా తెలియదు, చక్రాల వేగాలను బట్టి అంచనా వేసుకుంటుంది. 100 కి.మీ. వేగంతో పోయే మామూలు కారు మంచి రోడ్డు మీద కూడా ఆగడానికి దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుంది. బిగుసుకుపోయే చక్రమైతే అంతకంటే ఎంతో వేగంగా నిలిచిపోతుంది. ఏ చక్రమైనా బండికి సాధ్యం కానంత హఠాత్తుగా నెమ్మదిస్తే అది బిగుసుకోబోతోందని కంప్యూటర్ గ్రహిస్తుంది. అప్పుడు ఆ చక్రానికి వెళ్లే బ్రేక్ ఆయిల్ దారిని ఒక వాల్వు మూసేస్తుంది. అదీ చాలకపోతే మరో వాల్వు తెరుచుకొని పీడనాన్ని వదిలేస్తుంది. చక్రం మళ్లీ వేగం పుంజుకోగానే పీడనం తిరిగి ఎక్కుతుంది. బయటికి వదిలిన ఆయిల్‌ను ఒక పంపు వెనక్కి నెడుతుంది. ఇదంతా సెకనులో చాలాసార్లు జరుగుతుంది కనుకనే పాదం కింద పెడల్ దడదడలాడుతుంది, బానెట్ కింద నుంచి గరగరమనే శబ్దం వస్తుంది.

వ్యాసంలోని అవగాహన వల్ల జరిగే మొదటి పొరపాటు ఈ దడదడ దగ్గరే. పుస్తకంలో ఇదంతా చదివిన నేనే, మొదటిసారి వానలో పెడల్ అలా కొట్టుకోగానే ఏదో విరిగిందనుకొని కాలు తీసేశాను. అదృష్టం కొద్దీ ముందు ఖాళీ ఉంది. చేయవలసింది సరిగ్గా దానికి విరుద్ధం: పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టి, కంటికి ఖాళీ కనిపించిన వైపు స్టీరింగ్ తిప్పాలి. పాత బళ్లలో నేర్చుకున్నట్టు తొక్కుతూ వదులుతూ ఉంటే ఏబీఎస్ పనిని మనమే చెడగొట్టినట్టవుతుంది. ఆపద వేళ చాలామంది పెడల్‌ను వేగంగా తొక్కుతారు కానీ చాలినంత బలంగా తొక్కరని గమనించే 1996లో మెర్సిడెస్ కార్లలో బ్రేక్ అసిస్ట్ అనే, ఆ చాలని బలాన్ని తానే అందించే అదనపు ఏర్పాటు వచ్చింది.

రెండో పొరపాటు దూరం విషయంలో. వదులు కంకర మీదా, తాజాగా పడిన మంచు మీదా ఏబీఎస్ ఉన్న కారు ఆగడానికి ఎక్కువ దూరమే పట్టవచ్చు, ఎందుకంటే అక్కడ బిగుసుకున్న చక్రం తన ముందు కంకరను కుప్పగా పోగుచేసుకొని దానికే ఆనుకొని ఆగుతుంది; తిరుగుతున్న చక్రం ఆ కుప్పను తొక్కుకుంటూ పోతుంది. ఇక మామూలు రోడ్డు మీద కూడా, రోడ్డుకు లేని పట్టును ఏబీఎస్ పుట్టించజాలదు. టైరుకు రోడ్డు మీద ఎంత పట్టు ఉందో చెప్పే అంకె, అంటే ఘర్షణ గుణకం, 0.8 అనుకుంటే 50 కి.మీ. వేగం నుంచి ఆగడానికి దాదాపు 12 మీటర్లు, 100 నుంచి 49 మీటర్లు చాలు; రోడ్డు తడిసి గుణకం 0.4కు దిగితే ఆ 49 మీటర్లు 98 అవుతాయి. బ్రేకు మీద కాలు పడేలోపు గడిచే ఒక సెకనుకు మరో 28 మీటర్లు వేరే. అరిగిన టైర్ల ముందు ఏ కంప్యూటరూ ఏమీ చేయలేదు.

వ్యాసంలో ఒక్క ముక్కతో తేల్చేసిన స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి పక్కకు జారి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు, గురించి కూడా రెండు మాటలు. నిజానికి ఏబీఎస్ కంటే నాకు ఇదే ఎక్కువ అబ్బురం. జర్మనీకి చెందిన బాష్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వస్తే, ఇది 1995లో అదే శ్రేణి కార్లలో వచ్చింది. ఏబీఎస్ డ్రైవరు ఇచ్చిన పీడనాన్ని తగ్గించగలదు, తిరిగి ఇవ్వగలదు, అంతే. స్టెబిలిటీ కంట్రోల్ అయితే డ్రైవరు బ్రేకు తొక్కకపోయినా తనంతట తానే పీడనాన్ని పుట్టించి ఒక్క చక్రాన్ని మాత్రమే పట్టుకోగలదు. డ్రైవరు ఎటు పోవాలనుకుంటున్నాడో స్టీరింగ్ సెన్సార్ చెబుతుంది. బండి నిజంగా ఎంత వేగంగా తిరుగుతోందో మరో సెన్సార్ చెబుతుంది. మలుపులో ముందు చక్రాలు పట్టు తప్పి బండి నేరుగా జారిపోతుంటే లోపలి వైపు వెనుక చక్రానికి బ్రేకు వేసి ముక్కును మలుపులోకి లాగుతుంది. వెనుక భాగం బయటికి తోసుకుపోతుంటే బయటి వైపు ముందు చక్రాన్ని పట్టి బండిని సరిచేస్తుంది. అవసరమైతే ఇంజన్ బలాన్ని కూడా తగ్గిస్తుంది. 1997లో స్వీడన్‌లో హఠాత్తుగా అడ్డంకిని తప్పించే పరీక్షలో మెర్సిడెస్ ఏ క్లాస్ బోల్తా పడ్డాక, ఆ చిన్న కారులో కూడా దీన్ని తప్పనిసరిగా అమర్చడం మొదలుపెట్టారు. ఖరీదైన కార్లకే పరిమితమైన ఏర్పాటు మామూలు కార్లకు చేరడానికి అది దారి చూపింది. 2014 నవంబరు నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి.

వ్యాసం రెండో భాగం వచ్చే వారం ఉంటుందని ప్రకటించారు. అందులో సవరణ ప్రచురించేటప్పుడు ఆ బొమ్మను కూడా మార్చమని నా మనవి. రెండు కార్లనూ ఒకే గీత మీద ఆపకుండా, ఎదురుగా ఒక అడ్డంకి గీయించండి: బిగుసుకున్న చక్రాలతో, తిప్పిన స్టీరింగ్‌తో ఒక కారు నేరుగా దానివైపే పోతున్నట్టు, బ్రేకు అంతే గట్టిగా తొక్కిన రెండో కారు దాని పక్కగా మలుపు తీసుకుంటున్నట్టు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆటోమొబైల్ అధ్యాపకుడు