మన డిజైనర్ల సంఘం 2024-25 వార్షిక నివేదిక: విద్యార్థి సభ్యులకు వృత్తి పరిచయాలు

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు మాకు గట్టిగా అప్పగించిన పని ఒక్కటే. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), నగరంలోని ప్రైవేటు డిజైన్ కాలేజీల్లో చదువుతున్న మన విద్యార్థి సభ్యులకు ఫీల్డులో ఉన్నవాళ్లతో పరిచయాలు కల్పించమన్నారు. నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అయిపోయాక పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల నమూనాల ఫైలు) చంకలో పెట్టుకుని ఎవరి తలుపు తట్టాలో తెలియక మావాడు ఇంట్లో కూర్చున్నాడని ఆ రోజు ఒక తండ్రి లేచి చెప్పారు, గుర్తుండే ఉంటుంది. ఏడాదంతా ఎక్కువగా ఆ పని మీదే ఉన్నాం.

ముందు బెడిసికొట్టిన సంగతి చెబుతాను. జూలైలో హాలు అద్దెకు తీసుకుని 'పరిచయ సాయంత్రం' పెట్టాం. యాడ్ ఏజెన్సీల నుంచి, పత్రికల నుంచి సీనియర్లు వచ్చారు. పిల్లలు మందపాటి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు మీద మ్యాట్ లామినేషన్, పైన స్పాట్ యూవీ (అక్కడక్కడా మెరిసే పూత) చేయించిన విజిటింగ్ కార్డులతో దిగారు. శుభలేఖలకు కూడా అంత ఖర్చు పెట్టరు! కార్డులు పంచారు, సమోసాలు తిన్నారు, సెల్ఫీలు దిగారు. ఆ తర్వాత సీనియర్లు ఒక పక్క, పిల్లలు ఒక పక్క. నెల తర్వాత వాకబు చేస్తే ఒక్కరికీ ఫోను రాలేదు. పిల్లల తప్పేమీ లేదు. ఇద్దరు కొత్తవాళ్లు మాట్లాడుకోవాలంటే మధ్యలో ఏదో పని ఉండాలి, మేము అది పెట్టలేదు. ఈ ఏటి ఖర్చుల్లో పెద్ద పద్దు ఆ హాలు అద్దెదే కావడం కొంచెం సిగ్గుగానే ఉంది.

ఆగస్టు నుంచి దారి మార్చాం. ప్రతి శనివారం ఉదయం నలుగురైదుగురు విద్యార్థులను మన సభ్యుల ఆఫ్‌సెట్ ప్రెస్సులకు తీసుకెళ్లాం. సీటీపీ (కంప్యూటర్ నుంచి నేరుగా అచ్చు ప్లేటు తీసే యంత్రం) మీద ప్లేటు దిగడం, నాలుగు రంగుల రిజిస్ట్రేషన్ కలవడం (రంగులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం), 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్ గీత దాటి బొమ్మను పొడిగించే అంచు) వదలకపోతే కటింగ్‌లో అంచున తెల్లగీత తేలడం, స్క్రీన్ మీద ఆర్‌జీబీలో (తెర వెలుతురు రంగుల్లో) మెరిసిన నీలం కాగితం మీద వెలవెలబోవడం కళ్లారా చూశారు. డెమ్మీ షీటులో (ప్రెస్సుల్లో వాడే ఒక కాగితం సైజు) ఎనిమిదో వంతు అంటే ఎంతో చేత్తో మడిచి తెలుసుకున్నారు.

సెప్టెంబరులో చిక్కడపల్లి వైపు ఒక ప్రెస్సులో జరిగింది కాస్త వివరంగా రాయాలి. బీఎఫ్ఏ మూడో ఏడాది అమ్మాయి ఒకరు ఆపరేటర్ వెనక నిలబడి మానిటర్‌లో శుభలేఖ చూస్తోంది.

"అన్నా, ప్లేట్ వేసేశారా?"

"ఇంకా లేదమ్మా. ఏం?"

"పెళ్లికూతురి పేరు చూడండి."

'లక్ష్మి'లో ఒత్తులు విడిపోయి, క పక్కన ష, దాని పక్కన మి, మధ్యలో పొల్లులు తేలి వరసగా నిలబడి ఉన్నాయి. ఇంటిపేరు మార్చమని పెళ్లివారు చివర్లో చెబితే, వేరే కంప్యూటర్‌లో ఫొటోషాప్ తెరిచి ఆ లైను మళ్లీ యూనికోడ్‌లో కొట్టారట. అందులో వరల్డ్-రెడీ లేఅవుట్ (తెలుగు లాంటి లిపుల్లో ఒత్తులను సరిగ్గా కూర్చే సెట్టింగ్) ఆన్ చేసి లేదు. అను ఫాంట్లలో అక్షరం ముక్కలను తనే పేర్చుకుంటూ పోయిన పాతకాలపు కంపోజర్‌కు ఈ బెడద లేదు. యూనికోడ్‌లో ఒత్తు ఎక్కడ కూర్చోవాలో సాఫ్ట్‌వేరే చూసుకోవాలి, దానికి తెలియకపోతే ఇదే గతి. ఆ అమ్మాయి సెట్టింగ్ మార్చి, లైను సరిచేసి, పక్కకు తప్పుకుంది.

రెండు వారాలకు ప్రెస్సు ఓనరు నాకు ఫోన్ చేశారు. "ఆ లక్ష్మి అమ్మాయిని పంపుతారా, క్యాలెండర్ పనుంది." అమ్మాయి పేరు అది కాదు. ఆయనకు అలా గుర్తుండిపోయింది. క్యాలెండర్ వేయించుకున్న ఎరువుల దుకాణం ఆయన ఇప్పుడు సంచుల మీద లేబుల్ కూడా ఆమెతోనే చేయించుకుంటున్నారు. ఆమె విజిటింగ్ కార్డు ఈ ఇద్దరిలో ఎవరి దగ్గరా లేదు.

మన రంగంలో ఇదేమీ కొత్త దారి కాదు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్ గారు మొదట పోస్టర్ల చిత్రకారుడు కేతా గారి దగ్గర పనిచేశారు. 1967లో బాపు గారి 'సాక్షి'తో సొంతంగా సినిమా పబ్లిసిటీ డిజైనర్ అయ్యారు.

డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగిన పుస్తక ప్రదర్శనకు పిల్లలను నోటు పుస్తకాలతో పంపాం. కవర్లు చూసి మురిసిపోవద్దు, లోపలి రెండో పేజీ తిప్పండి అని చెప్పాం. ముఖచిత్రం ఎవరిది, టైప్‌సెట్టింగ్ ఎవరు చేశారు, ఏ ప్రెస్సులో అచ్చయింది అన్నీ అక్కడే ఉంటాయి. ఇన్నాళ్లూ ఆ పేజీ ఎవరూ చదవలేదని తేలింది. మూడు గంటల్లో ఒక్కొక్కరి దగ్గరా చక్కటి జాబితా తయారైంది. తర్వాత ఆ జాబితాలోని కళాకారులకు ఉత్తరాలు రాయించాం. "మీ వర్క్ చాలా ఇన్‌స్పైరింగ్ సార్" అని రాసినవాళ్లకు జవాబు రాలేదు. "ఆ కవరు మీద టైటిల్ చేత్తో రాశారా, ఫాంటా? చేత్తో అయితే బ్రష్షా, నిబ్బా?" అని అడిగిన కుర్రాడికి మర్నాడే ఫోను వచ్చింది, ఆదివారం ఇంటికి రమ్మన్నారు.

పోర్ట్‌ఫోలియోల గురించి ఒక మాట. బిహాన్స్‌లో (డిజైనర్లు తమ పనులు పెట్టుకునే వెబ్‌సైట్) మనవాళ్ల పేజీలు చూస్తే సగం మంది లేని కాఫీ కంపెనీలకు ఇంగ్లిషు లోగోలు చేసి పెట్టారు. తెలుగు అక్షరంతో చేసిన పని వెతుక్కోవాల్సి వచ్చింది. మండలి, రామభద్ర, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. (అలాగని ప్రతి పోస్టరుకూ రామభద్రే వాడనక్కర్లేదు. మన సంఘం పోస్టర్లతో సహా.)

కార్యవర్గంలో వాదన నడిచింది ఉచిత పనుల మీద. "పరిచయం దొరుకుతుంది, డబ్బు తర్వాత చూద్దాం" అనే మాట పిల్లలకు నెలకోసారైనా వినపడుతోంది. ఒక కొత్త కంపెనీ 'టెస్ట్' అని చెప్పి ఒక కుర్రాడితో ఆరు పోస్టర్లు చేయించుకుంది. తర్వాత వాటినే పేరూ పైసా లేకుండా వాడుకుంది. సంఘం తరఫున లేఖ రాశాం, జవాబు లేదు. మేమూ అలాగే పైకొచ్చాం, పోనివ్వండి అని ఇద్దరు సీనియర్లు అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు, మినిట్స్‌లో కూడా రాయించాను. చివరికి తీర్మానం అయింది: సంఘం ద్వారా వెళ్లే విద్యార్థి ఒక నమూనా వరకు ఉచితంగా చేయవచ్చు, ఆపైన సగం అడ్వాన్సు, రాతపూర్వకంగా. వాడుకుంటే ఆ నమూనాకూ డబ్బు ఇవ్వాల్సిందే.

శనివారాల్లో లోటు లేకపోలేదు. ప్రెస్సుల్లో అసలు హడావుడి రాత్రి షిఫ్టులో ఉంటుంది, అమ్మాయిలను అప్పుడు పంపలేకపోయాం. విజయవాడ సభ్యులు అక్కడా మొదలుపెట్టమంటున్నారు. ప్రెస్సులకు ఆ ఊళ్లో కొదవ లేదు, పిల్లలను వెంటబెట్టుకుని తిరిగే మనిషి కావాలి.

మిగతావి: రక్తదాన శిబిరం, ఉగాది కవిసమ్మేళనం మామూలుగానే జరిగాయి. ఆడిట్ అయిన లెక్కలు ఈ నివేదికతో జతచేశాం. ప్రెస్సు సందర్శనల పద్దు కింద టీ, ఆటో ఖర్చులు తప్ప ఇంకేమీ లేవు.

జూన్ బ్యాచ్ కోసం ఇంకో మూడు ప్రెస్సులు, ఒక స్క్రీన్ ప్రింటింగ్ యూనిట్ కావాలి. శనివారం ఉదయం మెషీన్ నడిచే సభ్యులు కోశాధికారికి పేరు ఇవ్వండి. టీ సంఘమే తెచ్చుకుంటుంది.

కార్యదర్శి