‘ప్రేమోన్మాది’ అన్న మాట మానెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

మా బడిలో రోజూ ప్రార్థన కాగానే ఒక విద్యార్థి పేపర్లోంచి నాలుగు వార్తలు చదవాలి. మొన్న వంతు తొమ్మిదో తరగతి అమ్మాయిది. మీ పత్రికే చేతిలో ఉంది. ‘ప్రేమను నిరాకరించిందని యువతిపై ప్రేమోన్మాది దాడి’ అని గట్టిగా చదివి, పేపర్ మడిచి, వరుసలోకి వెళ్లిపోయింది. రెండో పీరియడ్ అయ్యాక నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: “ఒప్పుకుంటే పొడవకపోతుండెనా మేడం?”

ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఆ పిల్ల తప్పేమీ చదవలేదు, వాక్యంలో ఉన్నదే చదువుకుంది. ‘నిరాకరించిందని’లో చివరి ‘అని’ కారణాన్ని చెబుతుంది. అంటే దాడికి కారణం ఆమె ఒప్పుకోకపోవడం. పొడిచినవాడి వాటాకు వచ్చినవి ప్రేమ, ఉన్మాదం. రెండూ మనిషి చేతిలో ఉండవని లోకం నమ్మేవే! ఆరు నెలలుగా వెంటపడుతున్నాడని, కత్తి ముందురోజే కొన్నాడని మీ వార్తలోనే నాలుగో పేరాలో ఉంది. వెంటపడి వేధించడం 2013 నుంచి చట్టంలో ప్రత్యేకంగా ఒక నేరం. దానికి ప్రేమ అని పేరు పెట్టింది చట్టం కాదు, మనమే.

ఆ తర్వాత వారం రోజులు జిల్లా పేజీలు కాస్త పట్టి చూశాను. ‘భర్తతో విభేదాల కారణంగా విడిగా ఉంటున్న వివాహిత’, ‘రాత్రి పదకొండు గంటల సమయంలో స్నేహితుడితో కలిసి వస్తుండగా’. అదే వార్తలో నిందితుడు మాత్రం ‘ఓ యువకుడు’. అతనికి పెళ్లయిందా, భార్యతో ఉంటున్నాడా, అంత రాత్రివేళ అతనికక్కడ ఏం పని అన్నది ఎక్కడా లేదు. వేళే అసలు సంగతయితే, 2021 ఆగస్టు 15న గుంటూరులో బీటెక్ అమ్మాయిని నడిరోడ్డు మీద పొడిచి చంపింది పట్టపగలు.

ఆడమనిషి నడవడిక ఎలాంటిదో తేల్చాకే నేరం సంగతి చూడటం మనకు కొత్త కాదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక మహిళపై పోలీసులే అత్యాచారం చేశారు. ఆమె భర్తను కొట్టి చంపారు. ఊరంతా అట్టుడికిపోయింది. విచారణకు వేసిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్లు నిరూపించబోయింది ఆమె మంచిది కాదని, ఆ పెళ్లి పెళ్లే కాదని. కమిషన్ పోలీసులదే తప్పంది. కర్ణాటకలోని రాయచూర్ కోర్టులో మాత్రం వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. అత్యాచారం కేసులో బాధితురాలి నడవడిక మంచిది కాదని చూపించే వీలు మన సాక్ష్య చట్టంలో 1872 నుంచి ఉండేది. మహిళా సంఘాలు ఏళ్ల తరబడి పోరాడగా 2003లో దాన్ని తీసేశారు. కోర్టులో లాయరు అడగకూడని ప్రశ్నను జిల్లా పేజీ ఇంకా అడుగుతూనే ఉంది.

కోర్టులూ అప్పుడప్పుడు జారుతుంటాయి. నిరుడు, 2025లో, అలహాబాద్ హైకోర్టు అత్యాచారం కేసులో ఒక నిందితుడికి బెయిలిస్తూ, ఫిర్యాదు చేసిన విద్యార్థిని తానే కష్టాన్ని కొనితెచ్చుకుందని రాసింది. సుప్రీంకోర్టు తప్పుపట్టాల్సి వచ్చింది.

ఆమె ఏం చేసిందన్న ప్రశ్నతో ఇంకో సౌకర్యం కూడా ఉంది. మిగతా అందరూ తప్పించుకోవచ్చు. 2019 నవంబర్లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశాక, అప్పటి హోంమంత్రి, చదువుకున్న అమ్మాయి చెల్లెలికి కాకుండా 100కి ఫోన్ చేసి ఉంటే బతికేదన్నారు. ఆ రాత్రే ఇంట్లోవాళ్లు స్టేషన్‌కు వెళితే అది మా పరిధి కాదని తిప్పారు. ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆమె ఎవరికి ఫోన్ చేసిందన్నది ఇప్పటికీ చాలామందికి గుర్తుంది. ఆ ముగ్గురి సంగతి ఎంతమందికి గుర్తుంది?

‘మృగాళ్లు’, ‘మానవ మృగం’ అన్న మాటలూ నాకు నచ్చవు. కోపంతో రాస్తారని తెలుసు. కానీ మృగం అనగానే అది ఎక్కడో అడవిలోంచి వచ్చినట్టుంటుంది. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. పక్కింటివాడు, బంధువు, పెళ్లి చేసుకుంటానన్నవాడు.

అయితే జాగ్రత్త చెప్పడమూ తప్పేనా అని మా స్టాఫ్ రూంలోనే ఒక సారు అడిగారు. కాదు. చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్లకండని మా పిల్లలకు నేనూ చెబుతాను, బస్టాండ్ నుంచి మా బడి దాకా సగం లైట్లు వెలగవు గనుక. కానీ ఏదైనా జరిగాక నేను అడగాల్సింది లైట్లు ఎందుకు వెలగలేదని, పిల్ల ఎందుకు వెళ్లిందని కాదు.

మా ఊరి విలేకరితో ఈ గోడు చెప్పుకున్నాను. మంచి కుర్రాడు. “మేం ఎఫ్ఐఆర్‌లో ఉన్నది పంపుతాం మేడం, హెడ్డింగ్ పెట్టేది డెస్క్‌వాళ్లు. రెండు కాలమ్‌లలో పట్టాలంటే ‘ప్రేమోన్మాది’ అయితే ఇమిడిపోతుంది” అన్నాడు. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను. ఆమె పెళ్లి సంగతి, వేళ, పక్కనెవరున్నారన్నది కేసుకు అవసరమైతే తప్ప రాయకండి. అంతకుముందు ఫిర్యాదు చేసిందా, చేస్తే ఏ స్టేషన్లో, వాళ్లేం చేశారు అన్నది కనుక్కుని రాయండి. ఇక జాగా విషయానికొస్తే, అదే వార్తకు ‘వెంటపడి వేధిస్తున్నవాడే యువతిని పొడిచాడు’ అని పెట్టి చూశాను. అక్షరాలు లెక్కపెట్టాను. మీ శీర్షిక కన్నా రెండు తక్కువే.

– ఒక తెలుగు టీచర్, హనుమకొండ జిల్లా