ఒకటి, రెండు తరగతుల్లో సమాచార పుస్తకాలు: విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. రెండో తరగతి పిల్లను "విషయసూచిక అంటే ఏమిటి?" అని అడిగితే టక్కున అప్పజెబుతుంది. అదే పిల్ల చేతికి చీమల పుస్తకం ఇచ్చి "చీమలు ఏం తింటాయో వెతికి చెప్పు" అంటే అట్ట దగ్గర మొదలుపెట్టి ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోతుంది. పేరు వచ్చింది, పని రాలేదు.

తప్పు పిల్లలది కాదు. శీర్షిక, పదకోశం (కొత్త మాటలకు అర్థాలిచ్చే పేజీ), బొమ్మ కింది వివరణ అంటూ అన్నీ ఒకేరోజు బోర్డు మీద రాసి, పుస్తకంలో కనబడినదానికల్లా టిక్కు పెట్టమంటున్నాం. పరీక్షలోనూ ఆ పేర్లే అడుగుతున్నాం. ముందు ప్రశ్న ఇవ్వాలి, ఆ జవాబు వెతకడానికి ఏ భాగం అవసరమో అప్పుడు చూపాలి. వారానికి ఒక్క భాగం చాలు, రోజుకు ఇరవై నిమిషాలు.

మొదటి వారం చీమ మీద ఒక కథా, ఒక సమాచార పుస్తకమూ పక్కపక్కన పెట్టాలి. "ఇది అబద్ధం, ఇది నిజం" అని చెప్పడం మానుకోవాలి, పాపం కథలేం చేశాయి? ఫొటోలుంటే సమాచారం, గీసిన బొమ్మలుంటే కథ అన్న గుర్తూ నిలబడదు. పుట్టలోపలి గదులు ఒక్కచూపులో కనబడాలంటే నిలువునా కోసినట్టు గీయక తప్పదు. తేడా తెలియాలంటే మధ్యలో ఎక్కడో తెరిచి రెండు పేజీలు చదివించండి. కథైతే "ఈయనెవరు? ముందేం జరిగింది?" అంటారు. సమాచారమైతే అడగకుండానే సాగిపోతారు.

బొమ్మల భాగాలకే ఎక్కువ రోజులు ఇవ్వాలి, చదవడం ఇంకా కూడబలుక్కునే పిల్లలు కూడా వీటిని వాడుకోగలరు కనుక. చీమను గీసి తల, రొమ్ము, పొట్ట, కాళ్లు అని పేర్లు పెట్టమనండి. చాలామంది కాళ్లు పొట్టకు అతికిస్తారు, నాలుగే వేస్తారు. పుస్తకంలో బొమ్మ చూసి ఆరు కాళ్లూ రొమ్ము నుంచే వస్తున్నాయని వాళ్లే దిద్దుకోవాలి. పేరు నుంచి వచ్చే గీత ఆ భాగాన్ని తాకాలి. గాల్లో ఆగిన గీత దేన్ని చూపుతోందో గీసినవాళ్లకే తెలియదు. బొమ్మ కింద "చీమ" అని రాస్తే అది వివరణ కాదు. "ఈ చీమను చాలా రెట్లు పెద్దది చేసి చూపించాం" అన్నది వివరణ. ఆ ముక్క లేకపోతే పేజీ నిండా ఉన్న చీమ పిల్లి అంత ఉంటుందనుకునే పిల్లలుంటారు.

ఏ మాట ఏ పేజీలో ఉందో చెబుతూ పుస్తకం చివర ఉండే పదసూచికను (ఇండెక్స్) మూడో తరగతి దాకా ఆపండి. దానికి వర్ణమాల వరుస, గుణింతం వరుస రెండూ నోటికి రావాలి. "క్షీరదాలు" కోసం పిల్లలు చిట్టచివరికి పోతారు, గోడ మీది వర్ణమాలలో క్ష అక్కడే ఉంటుంది మరి. చాలా నిఘంటువుల్లో అది క-లోనే దొరుకుతుంది. పైగా నోటుపుస్తకం మొదటి పేజీలో ఉండే పాఠాల పట్టికనే అందరం ఇండెక్స్ అంటాం. అందుకే తరగతిలో ఆ మాట వాడకుండా "ముందు పట్టిక, వెనక పట్టిక" అంటే గందరగోళం తగ్గుతుంది.

ఇక మీ చేతిలో ఉన్నవి. పుస్తకాలు కొనేటప్పుడు ముప్ఫై వేర్వేరు పుస్తకాలు ఒక్కో ప్రతి కాకుండా, ఆరు పుస్తకాలు ఐదేసి ప్రతులు కొనిపించండి. ఐదుగురూ ఒకే పేజీ తెరవగలిగితేనే ఈ పాఠం నడుస్తుంది. ప్రతి పేజీకీ సంఖ్య ఉండాలని షరతు పెట్టండి. నిండా బొమ్మ ఉందని సంఖ్య ఎత్తేస్తే విషయసూచిక పనికిరాదు. పదకోశంలో ఉన్న మాటలను లావు అక్షరాల్లో వేసే పద్ధతి చిన్న సైజు తెలుగులో దెబ్బతింటుంది. ఒత్తులు, గుడులు సిరాలో పూడుకుపోయి, ఏ మాటను గుర్తించాలో అదే చదవరాకుండా పోతుంది. రంగు మార్చమనండి. పునర్ముద్రణలో పేజీలు జరిగితే రెండు పట్టికలనూ కొత్తగా సరిచూడాలి. పట్టిక చెప్పిన పేజీలో చీమకు బదులు సాలీడు కనబడితే, పిల్లలు మళ్లీ మొదటి పేజీ నుంచే తిప్పడం మొదలెడతారు.

పరీక్షలో నిర్వచనాల ప్రశ్న తీసేసి, పుస్తకం చేతికిచ్చి "సాలీడుకు ఎన్ని కాళ్లు? ఏ పేజీలో దొరికింది?" అని అడగమని ఉత్తర్వు ఇవ్వండి. ఎనిమిది అని కొందరు చూడకుండానే చెబుతారు. పేజీ సంఖ్య కూడా రాస్తేనే మార్కు వేయాలి.

ఇట్లు,
చిన్న తరగతుల ఉపాధ్యాయులు, బడి గ్రంథాలయ నిర్వాహకులు