విద్యుత్ కోత తప్పనప్పుడు దాని లెక్క ప్రజలకు చూపాలి

సంపాదకులకు నమస్కారములు.

విద్యుత్ కొరత వచ్చిన ప్రతిసారీ చర్చ అంతా ఉత్పత్తి చుట్టూనే తిరుగుతుంది. బొగ్గు నిల్వలు ఎన్ని రోజులకు సరిపోతాయి, జలాశయాల్లో నీరెంత ఉంది, కొత్త కేంద్రాలు ఎప్పటికి పూర్తవుతాయి అన్న ప్రశ్నలు అవసరమైనవే. అయితే కొరత వచ్చేశాక, ఉన్న కరెంటును ఎవరికిచ్చి ఎవరికి ఆపాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, ఏ నియమం ప్రకారం నిర్ణయిస్తున్నారు అన్న సంగతి మాత్రం ఎవరూ అడగడం లేదు. ఉద్యోగ జీవితమంతా సబ్‌స్టేషన్లలో గడిపినవాడిగా ఆ ప్రశ్నను మీ పాఠకుల ముందు ఉంచదలిచాను.

కోత వేయడమే అన్యాయమని నేను అనను. బ్యాటరీలు, నీటిని పైకి తోడి ఉంచి అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు కొంత ఆదుకున్నా, గ్రిడ్‌లో, అంటే కేంద్రాలనూ వినియోగదారులనూ కలిపే లైన్ల వ్యవస్థలో, ఏ క్షణానికి ఎంత వాడకం ఉంటే దాదాపు అంత ఉత్పత్తీ ఆ క్షణానికే జరగాలి. ఈ రెండింటికీ పొత్తు కుదిరిందో లేదో ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తులు తిరుగుతున్నదన్న లెక్క, చెబుతుంది. మన దేశంలో అది 50 హెర్ట్జ్ దగ్గర, అంటే 49.90కీ 50.05కీ మధ్య, నిలబడాలన్నది గ్రిడ్ నిబంధన. వాడకానికి ఉత్పత్తి చాలనప్పుడు జనరేటర్ల వేగం తగ్గి ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. మరీ పడిపోతే టర్బైన్లు దెబ్బతినకుండా కేంద్రాలు వాటంతట అవే గ్రిడ్ నుంచి విడిపోతాయి, ఆ భారం మిగిలినవాటి మీద పడి అవీ వరుసగా ఆగిపోతాయి. లైన్ల మీద మోయలేనంత భారం పడినా ఇలాగే జరుగుతుంది. 2012 జూలై 30 తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్, మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కుప్పకూలినప్పుడు, రెండో రోజున 60 కోట్లకు పైగా జనం నివసించే ప్రాంతాలకు సరఫరా ఆగింది. బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను ట్రిప్ కావడంతో, అంటే దానంతట అదే తెగి ఆగిపోవడంతో, మొదలైన ఆ పతనానికి, కొన్ని రాష్ట్రాలు తమ వాటాకు మించి కరెంటు లాగడం కూడా ఒక కారణమని విచారణలో తేలింది. సకాలంలో కొంత లోడు, అంటే వాడకం, తగ్గించడం వల్ల మొత్తం గ్రిడ్ నిలబడుతుందంటే ఆ కోతను తప్పుపట్టలేం.

నా అభ్యంతరమల్లా ఆ కోతను పంచే పద్ధతి మీదనే. సబ్‌స్టేషన్‌కు పైనుంచి ఫోను వస్తుంది, ఇన్ని మెగావాట్లు వెంటనే తగ్గించమంటారు. ఎదురుగా ప్యానెల్ మీద వరుసగా ఫీడర్లు, అంటే ఒక్కో ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైన్లు, ఉంటాయి, ఒక్కో దాని మీద ఎన్ని ఆంపియర్ల లోడు నడుస్తున్నదో కనిపిస్తూ ఉంటుంది. ఏ బ్రేకరు తెరవాలో, అంటే ఏ ఫీడరును ఆపాలో, రాతపూర్వకమైన వరుస లేకపోతే, షిఫ్టులో ఉన్న ఆపరేటరు ఏది తీస్తే ఎవరూ ఫోను చేసి మాట అనరో ఆ ఫీడరునే ఎంచుకుంటాడు. ఫలానా ఫీడరు జోలికి పోవద్దని చెప్పగలిగినవారు ఎప్పుడూ ఉంటారు. చెప్పగలిగే పలుకుబడి లేనివారి రెండు మూడు ఫీడర్లే మళ్లీ మళ్లీ ఆగుతాయి. ఎన్ని గంటలకు తీశారు, ఎన్ని గంటలకు వేశారు, ఎందుకు తీశారు అన్నవన్నీ లాగ్‌బుక్కులో చక్కగా రాసే ఉంటాయి. నేనూ రాశాను. ఆ పుస్తకాన్ని పై అధికారులు తనిఖీ చేస్తారు గాని, చీకట్లో కూర్చున్న వినియోగదారుడికి అందులో ఏమున్నదో ఎన్నడూ తెలియదు.

వేళ చెప్పని కోతవల్ల గ్రిడ్‌కు ఒరిగేది కూడా అనుకున్నంత ఉండదు. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియక జనం మోటార్లు, కూలర్లు, ఏసీల స్విచ్‌లు వేసే ఉంచుతారు. సరఫరా రాగానే అన్నీ ఒక్కసారిగా అందుకోవడంతో, తీయకముందు ఉన్న లోడు కంటే ఎక్కువ లోడు ఫీడరు మీద పడుతుంది. అది మళ్లీ ట్రిప్ అవుతుంది, లేదా ఓల్టేజీ పడిపోయి మోటారు వైండింగు కాలుతుంది. అదే వేళ ముందుగా తెలిస్తే నీళ్లు ముందే ఎక్కించుకుంటారు, చిన్న పరిశ్రమలవారు షిఫ్టు మార్చుకుంటారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన రోగి ఉన్న కుటుంబం ప్రత్యామ్నాయం చూసుకోగలుగుతుంది.

ప్రకటించి కోత వేసిన దేశాలున్నాయి. దక్షిణాఫ్రికాలో లోడ్ షెడ్డింగును 1 నుంచి 8 వరకు దశలుగా విభజించి, ఒక్కో దశకు సుమారు 1,000 మెగావాట్ల చొప్పున తగ్గించారు. ఏ దశలో ఏ ప్రాంతానికి ఏ వేళలో కరెంటు ఉండదో పట్టికలు అందరికీ అందుబాటులో ఉండేవి. దానివల్ల ఆ ప్రజల కష్టం తీరలేదు, ఏళ్ల తరబడి వ్యాపారాలు, ఉపాధి నష్టపోయారు. మిగులు విద్యుత్తు 2007 నాటికి అయిపోతుందని 1998లోనే ప్రభుత్వ విధాన పత్రం హెచ్చరించినా కొత్త కేంద్రాలు సమయానికి కట్టకపోవడం ఆ ప్రభుత్వాల తప్పే. అయినా కోత పడే వేళ మాత్రం జనానికి తెలిసేది.

బ్రెజిల్ ఇంకొక మార్గం పట్టింది, దాని గురించి మన దగ్గర తగినంత ఆలోచన జరగలేదనే నా అభిప్రాయం. ప్రధానంగా జలవిద్యుత్తు మీద నడిచే ఆ దేశంలో 2001లో వానలు లేక జలాశయాలు అడుగంటాయి. అప్పుడు ప్రభుత్వం ఫీడర్లు ఆపే పద్ధతికి పోకుండా, చాలామంది వినియోగదారులకు గత ఏడాది వాడకంలో సుమారు 20 శాతం తగ్గించుకోవాలని కోటా పెట్టింది. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇళ్లను తప్పనిసరి తగ్గింపు నుంచి మినహాయించి, తక్కువ వాడే ఇళ్లు ఇంకా పొదుపు చేస్తే బోనస్ ఇచ్చి, ఎక్కువ వాడేవారి మీద అదనపు రుసుము వేసింది. 2001 జూన్ నుంచి 2002 ఫిబ్రవరి వరకు వంతులవారీ కోతలు లేకుండానే దేశం గట్టెక్కింది. ఏ పరికరం ఆపుకోవాలో ఎవరికి వారు నిర్ణయించుకోగలిగారు. నెలల తరబడి సాగే కొరతకే ఇది పనికొస్తుంది. సాయంత్రం రెండు మూడు గంటలపాటు డిమాండు ఒక్కసారిగా పెరిగినప్పుడు కోటాలు అంతగా అక్కరకు రావు. ఈ రెండు రకాల కొరతలకూ ఒకే మందు వేయడం మన పాత అలవాటు.

కోత నుంచి మినహాయించవలసిన అత్యవసర చోట్ల జాబితా విషయంలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర అనుభవం మరచిపోరానిది. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున, శీతల తుపాను సమయంలో, 60 హెర్ట్జ్ ఉండవలసిన ఆ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.4 కంటే దిగువకు పడి నాలుగు నిమిషాలకు పైగా అక్కడే ఉంది. తొమ్మిది నిమిషాలు అలాగే కొనసాగితే మరిన్ని కేంద్రాలు విడిపోయి గ్రిడ్ మొత్తం కూలేది. దాదాపు 20,000 మెగావాట్ల లోడు తీసి దాన్ని నిలబెట్టారు. అయితే ఆసుపత్రుల వంటివి ఉన్న ఫీడర్లను వదిలేశాక వంతులు తిప్పడానికి మిగిలిన ఫీడర్లు చాలక, మొదట ఎవరి కరెంటు పోయిందో వారిలో చాలామందికి రోజుల తరబడి రాలేదు. పైగా అత్యవసరమైనవిగా నమోదు చేసుకోని, సహజ వాయువును తీసి సరఫరా చేసే కేంద్రాలకూ కరెంటు ఆగి, ఆ వాయువుతోనే నడిచే విద్యుత్ కేంద్రాలకు ఇంధనం మరింత తగ్గింది. ఆ శీతల తుపానుకు 246 మంది బలయ్యారని రాష్ట్ర ఆరోగ్య శాఖ తేల్చింది. జాబితా కాగితం మీద ఉంటే చాలదని, ఏటా ఫీడరు ఫీడరునూ నడిచి సరిచూడాలని ఇంతకంటే ఎవరు చెప్పాలి?

కాబట్టి పంపిణీ సంస్థలు కొరత లేని నెలల్లోనే కోతల వరుసను రాసి ప్రకటించాలి. మినహాయింపు ఎవరికి, ఏ కారణంతో ఇచ్చారో అందులోనే చూపాలి. గ్రిడ్ ప్రమాదంలో పడి నిమిషాల్లో లోడు తీయవలసి వచ్చినప్పుడు ముందుగా చెప్పడం సాధ్యం కాదు, అది నాకు అనుభవమే. ఆ తరువాతైనా కారణం చెప్పి, నష్టపోయిన ఫీడరును తరువాతి వంతు నుంచి తప్పించవచ్చు. సరఫరా ఆగిన వేళను ఫీడరు మీటర్లే నమోదు చేస్తున్న చోట ఈ లెక్క బయటపెట్టడానికి అదనపు ఖర్చు కూడా ఏమీ ఉండదు. మీ పత్రికవారు ఆ వివరాలను పంపిణీ సంస్థల నుంచి అడిగి తెప్పించుకుని, నిన్న ఏ ఫీడరుకు ఎన్ని గంటలు కోత పడిందో వాతావరణ సమాచారం పక్కన ప్రతిరోజూ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సబ్‌స్టేషన్ ఆపరేటర్